నడిరోడ్డు మీద కుర్చీ

డెలివరీ బండి మీద కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒక కుర్చీ గురించి.

పంజాగుట్టలో ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంకు ఇరవై తొమ్మిదేళ్లు బండి నడిపాను. ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, టీవీలు, కూలర్లు. అందులో పంతొమ్మిదేళ్లు నా పక్క సీట్లో యాదగిరి కూర్చున్నాడు. నేను డ్రైవర్‌ని, అతను లోడర్. సామాను దింపడం, మోయడం, మెట్లెక్కించడం అతని పని. నేను రిటైరైన మూడేళ్లకు, పోయిన వానాకాలం చివర్లో అతను చనిపోయాడు. అంతకు పన్నెండేళ్ల ముందే, ఒక వాన రోజున, నా తప్పు వల్ల అతను పోవలసింది. పోలేదు. ఆ తప్పు నాదేనని అతనికి ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

జీతం, సీనియారిటీ, బండి కాగితాలు, వీటి గురించి మీకు ఆఫీసులో చెబుతారు. వాన పడిన రోజున ఏ గల్లీలోకి వెళ్లకూడదో చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. గోడౌన్ దగ్గర లోడు కోసం ఎదురుచూసే గంటల్లో నేను పుస్తకాలు చదివేవాణ్ణి. వానను గురించి చాలామంది అందంగా రాశారు. వాళ్లలో ఎవరూ అమీర్‌పేటలో వాషింగ్ మిషన్ దింపినవాళ్లు కారని నా అనుమానం.

ఏం గాదు, పో

వాన పడ్డప్పుడు ప్రతి గల్లీ మొదట్లోనూ ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతనికి ఏ పనీ ఉండదు. మన బండి ఆగగానే దగ్గరికి వస్తాడు.

“పో అన్నా, ఏం గాదు. ఇప్పుడే ఒక ఆటో పోయింది,” అన్నాడు అలాంటివాడొకడు ఒకసారి.

యాదగిరి కిటికీలోంచి తల బయటపెట్టాడు. “పోయింది సరే, వాపస్ వచ్చిందా?”

ఆ మనిషి గల్లీ లోపలికి తొంగి చూశాడు. “ఇంక రాలే.”

“నీ స్కూటర్ ఏడుంది?”

అతను వేలు పైకి చూపించాడు. స్కూటర్ ఆ ఇంటి మొదటి అంతస్తు మెట్ల మీద ఉంది. నలుగురు కలిసి ఎత్తి పెట్టారట. అంత కష్టపడి తన స్కూటర్‌ను మెట్లెక్కించినవాడు మా బండిని మాత్రం నీళ్లలోకి పొమ్మంటున్నాడు. చెడ్డవాడు కాడు. ఎవరైనా వెళ్తే చూడాలని అతనికి ఉంది, అంతే. ఆ రోజు నుంచి మేము మనుషుల్ని అడగడం మానేసి వాళ్ల బళ్లు ఎక్కడున్నాయో చూడటం మొదలుపెట్టాం. అరుగుల మీద, మెట్ల మీద బళ్లు కనిపిస్తే ఆ గల్లీలోకి వెళ్లకండి.

భయం ఎక్కువైనా తప్పే. నేనొకసారి నీళ్లు నిండిపోయాయని చెప్పి ఎర్రమంజిల్ దగ్గర ఒక వీధి నుంచి ఫ్రిజ్ వెనక్కి తెచ్చాను. అది ఎండాకాలం. వీధి ఎగువన నీళ్ల ట్యాంకర్ ఒకటి వాల్వు ఊడి కారుతోంది. నేను దిగి చూడలేదు. రెండు వేళ్ల లోతు కూడా లేదట. ఏడాది పాటు షోరూంలో ఎవరు గ్లాసులో నీళ్లు పోసుకున్నా “ప్రసాదన్నకు చెప్పకుండ్రి, భయపడ్తడు” అనేవారు. దిగి చూడకుండా వెళ్లడం, దిగి చూడకుండా వెనక్కి రావడం ఒకటేనని అప్పుడు తెలిసింది.

అందుకే యాదగిరి ఒక పద్ధతి పెట్టాడు. నీళ్లు నిలిచిన చోట అతను దిగి, కర్రతో నేలను తడుముతూ బండి ముందు నడుస్తాడు. అతను నడిచిన చోటనే నేను చక్రం వేస్తాను. షోరూంలో మిగతా డ్రైవర్-లోడర్ జంటలన్నీ మమ్మల్ని చూసి ఇదే నేర్చుకున్నాయి. మంచి పద్ధతే. డ్రైవర్ పొడిగా ఉండి నిర్ణయం తీసుకుంటాడు, దాని ఫలితం ముందుగా లోడర్ కాళ్లకు తెలుస్తుంది. ఇందులో ఉన్న అన్యాయం నాకు చాలాకాలం కనిపించలేదు.

సంతకం

మా డెలివరీ మేనేజర్ మూర్తి గారు. మర్యాదస్తుడు, ఎవరినీ తిట్టడు. బేగంపేటలో ఐదో అంతస్తులో ఉండేవారు. నీళ్లంటే ఆయనకు కుళాయిలో వచ్చేవే. ఆయన పెట్టిన రూలు ఒకటుండేది. డెలివరీ ఇవ్వలేక వెనక్కి వస్తే ఒక ఫారం నింపాలి. దాని మీద కస్టమర్ సంతకం ఉండాలి.

నేను చెప్పే రోజున మా బండిలో ఒక వాషింగ్ మిషన్ ఉంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక, మురుగు నాలా వైపు దిగే ఒక గల్లీలో లేడీస్ హాస్టల్‌కు ఇవ్వాలి. పొద్దున్నుంచీ వాన. గల్లీ మొదట్లో ఆపి చూస్తే నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. బళ్లన్నీ అరుగుల మీదే. చూసి కూడా, వెనక్కి తిప్పకుండా మూర్తి గారికి ఫోన్ చేశాను. అది నా మొదటి తప్పు.

“వెళ్లలేనంటే వెనక్కి రావద్దనడం లేదు ప్రసాద్. కస్టమర్ సంతకం తీసుకుని వచ్చెయ్,” అన్నారు.

“సంతకం కావాలంటే వాళ్ల ఇంటికి వెళ్లాలి కదండీ.”

“వెళ్లి తీసుకో.”

“వెళ్లగలిగితే మిషనే ఇచ్చేస్తాను కదండీ.”

ఆయన సమస్య తీరిపోయినట్టు అన్నారు. “అయితే ఇచ్చెయ్.”

నలభై అడుగుల దూరంలో హాస్టల్ ఓనరు మేడం మొదటి అంతస్తు బాల్కనీలో నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆమె కోస్తా వైపు మనిషి. పన్నెండూ ఇరవై లోపల మిషను గడప దాటాలట, తర్వాత వర్జ్యం.

“ఏవండీ, రండి రండి! ఏంటి అక్కడే ఆగిపోయారు? ఇవి నిన్నటి నీళ్లేనండీ, కొత్తవి కాదు!”

నిన్నటి నీళ్లయితే ఎందుకు ప్రమాదం లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో మాత్రం అది ఒక కారణంలా వినిపించింది.

“ఏమంటవ్ అన్నా?” అన్నాడు యాదగిరి.

“నెమ్మదిగా పోదాం,” అన్నాను.

కుర్చీ

యాదగిరి దిగి బండి వెనక తాడు సరిచూడటానికి వెళ్లాడు. ముందు, గల్లీ మధ్యలో, ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కాళ్లు నీళ్లలో మునిగాయి, సీటు పైకి కనిపిస్తోంది, సీటు మీద ఒక ఇటుక. పక్కనే ఇస్త్రీ బండి ఉంది, ఇస్త్రీ చేసే మనిషి లేడు.

మా ప్రాంతంలో రోడ్డు మీద కుర్చీకి ఒక అర్థం ఉంది. ఈ జాగా నాది, ఇక్కడ ఇంకెవరూ బండి పెట్టొద్దు అని దుకాణదారులు వేస్తారు. కుర్చీ లేనివాళ్లు పాత బకెట్‌లో సిమెంటు పోసి గొట్టం పాతుతారు. సామాను దింపడానికి రోజూ ఇలాంటి కుర్చీలు పదైనా జరిపేవాణ్ణి. జరిపి, పని కాగానే తిరిగి అక్కడే పెట్టేవాణ్ణి, గొడవ లేకుండా.

వానలో కుర్చీకి ఇంకొక అర్థం ఉంది. నీళ్లు తొందరగా పోవాలని బస్తీవాళ్లు మ్యాన్‌హోల్ మూత తీసేస్తారు. తీసినచోట ఎవరూ కాలు పెట్టకుండా చెట్టుకొమ్మో డ్రమ్మో కుర్చీయో పెడతారు. కొట్టుకుపోకుండా దాని మీద బరువు పెడతారు.

రెండు అర్థాలూ నాకు తెలుసు. ఆ రోజు చేతికి మొదటిదే గుర్తొచ్చింది. దిగి, ఇటుకతో సహా కుర్చీని ఎత్తి ఇస్త్రీ బండి పక్కన పెట్టాను. ఇటుక కాస్త పక్కకు జారితే సరిగ్గా మధ్యలోకి జరిపాను. వచ్చి సీట్లో కూర్చుని గేరు వేశాను.

యాదగిరి కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగు కర్ర కంటే ముందు పడింది. సగం మనిషి అయ్యాడు.

యాదగిరి లావుపాటి మనిషి. పొట్ట పెద్దది. ఆ పొట్ట దగ్గర మ్యాన్‌హోల్ అతన్ని ఆపింది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. కర్ర కొట్టుకుపోయింది. నా బంపర్ అతని తలకు చేతికందేంత దూరంలో ఆగింది.

“అన్నా, బ్రేక్ కొట్టినవా?” అన్నాడు, వెనక్కి తిరగకుండా.

“కొట్టాను.”

“హ్యాండ్ బ్రేక్ సుత ఎయ్యి.”

వేశాను. దిగి పరుగెత్తి అతని రెండు చంకల కింద చేతులు పెట్టాను. లాగితే కదల్లేదు.

“కాళ్ల కింద ఏమైనా తగులుతోందా?”

“ఏం లేదన్నా. గదే పరేషాన్.”

అతను ఊపిరి వదిలితే పొట్ట తగ్గుతుంది, తగ్గితే జారిపోతాడు. అది మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అతను ఊపిరి బిగబట్టి ఆకాశం వైపు చూస్తున్నాడు. మాట్లాడవలసి వచ్చినప్పుడు చిన్న చిన్న మాటలు మాట్లాడాడు.

బాల్కనీలన్నీ నిండిపోయాయి. “చేతులు పైకెత్తండి అంకుల్!” అంది ఒక అమ్మాయి. “ఎత్తకండి, జారిపోతారు!” అంది పక్క అమ్మాయి. వాళ్లిద్దరికీ దాని మీద వాదన మొదలైంది. హాస్టల్ వంటామె తెలివైన మనిషి, నూనె రాస్తే జారి బయటికి వస్తాడని డబ్బా పట్టుకొని నీళ్లలోకి దిగి వచ్చింది. డబ్బా అంతా పోసింది. నూనె నీళ్ల మీద తేలి, తీరిగ్గా గల్లీ కిందికి వెళ్లిపోయింది.

మేడం గడియారం చూసుకుంది. “ఏవండీ, వర్జ్యం వచ్చేస్తోంది. ఆయన ఎలాగూ ఆగారు కదా, ముందు మిషను లోపల పెట్టేయండి.”

“మేడం,” అన్నాడు యాదగిరి, “మోసేటోణ్ణి నేనే.”

అప్పుడు ఇస్త్రీ చేసే మనిషి చేతిలో చాయ్ గ్లాసుతో వచ్చాడు. గుంతలో ఉన్న మనిషిని చూశాడు, గుంతను చూశాడు. “నా కుర్చీ ఎవడు తీసిండురా?”

“ముందుగాల నన్ను తియ్యి మామా,” అన్నాడు యాదగిరి. “తర్వాత కుర్చీ ముచ్చట మాట్లాడుదం.”

చివరికి ఫ్రిజ్‌లు మోసే బెల్టును అతని చంకల కింద నుంచి తిప్పి, ఆరుగురం కలిసి లాగాం. చొక్కా చిరిగింది, పొట్ట మీద తోలు లేచింది, చెప్పులు రెండూ పోయాయి. మనిషి బయటికి వచ్చాడు.

అతన్ని కూర్చోబెట్టడానికి అక్కడ ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. దాని మీది ఇటుకను తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ మనిషి తన చాయ్ అతనికే ఇచ్చాడు, కానీ ప్రశ్న వదల్లేదు.

“నడిమిట్ల పెట్టిన కుర్చీ గీడికెట్లొచ్చె?”

నేను వంగి బెల్టు చుట్టడం మొదలుపెట్టాను. యాదగిరి చాయ్ ఊదుకుంటూ అన్నాడు. “నీళ్లకు కొట్టుకొచ్చి ఉంటది.”

“ఇటుక పెట్టిన గదనే!”

“ఇటుక సుత వచ్చి ఉంటది.”

“కుర్చీ మీద కూసోని వచ్చిందా?”

“మరి, నడుచుకుంట వస్తదా?” అన్నాడు యాదగిరి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాంతో నేను చెప్పవలసిన సమయం దాటిపోయింది.

కారణం అనే గడి

చాయ్ అయిపోయాక యాదగిరి లేచాడు. “నలభై అడుగులే గద అన్నా. గుంత ఏడుందో ఇప్పుడు తెలిసింది. ఇచ్చేసి పోదం.”

“వద్దు,” అన్నాను.

“ఎందుకు?”

“నేను నడపను.”

ఆ వృత్తిలో నేను తీసుకున్న సరైన నిర్ణయాల్లో అదొకటి. ఒక మనిషి గుంతలో పడ్డాక తీసుకున్నాను.

మేడం ఫారం మీద సంతకం పెట్టనంది. “మీరు రాలేదని నేనెలా రాసిస్తానండీ? వచ్చారుగా, కనబడుతున్నారుగా!” ఆమె తర్కంలో తప్పు లేదు. ఫారంలో కారణం అనే గడి కింద మూడే ఉన్నాయి: ఇంటికి తాళం, చిరునామా తప్పు, కస్టమర్ వద్దన్నారు. గల్లీని, బాల్కనీని, మేడంను చూస్తూ ‘చిరునామా తప్పు’ మీద టిక్కు పెట్టాను.

సంతకం లేనందుకు మూర్తి గారు నన్ను నెల రోజులు సనత్‌నగర్ గోడౌన్‌కు పంపారు, శిక్షగా. అక్కడి ఇన్‌చార్జి సలీం భాయ్. మొదటి రోజే నాతో అన్నాడు: “బండి వాపస్ తెచ్చినోణ్ణి నేను ఎందుకని అడగ భాయ్. తేనోణ్ణి అడగాలె. కానీ గాయన దొరకడు గద జవాబు చెప్పనీకి.” నేను చూసిన పై అధికారుల్లో రోడ్డు తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయనకు ప్రమోషన్ ఎప్పుడూ రాలేదు.

బర్రె

యాదగిరి ఆ కథను షోరూంలో అందరికీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కుర్చీ తీసినవాడు మారేవాడు. మొదట్లో నీళ్లు. తర్వాత, పెళ్లి ఊరేగింపు నుంచి తప్పిపోయిన బ్యాండు మనిషి. ఎలక్షన్లప్పుడు, ఓట్లడగడానికి వచ్చి కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్న ఒక లీడరు. చివరికి ఒక బర్రె దగ్గర స్థిరపడ్డాడు. “కుర్చీ మీద కూసుందమని చూసింది. ఇటుక కుచ్చుకుంది. కోపమొచ్చి జరిపింది,” అనేవాడు. జనం పడి పడి నవ్వేవాళ్లు. ప్రతిసారీ నాకు గుండె ఆగినంత పనై, బర్రె పేరు రాగానే మళ్లీ కొట్టుకునేది.

డాక్టరు బరువు తగ్గమంటే చొక్కా ఎత్తి పొట్ట మీది మచ్చ చూపించేవాడు. “గీ పొట్ట లేకపోతే నేను మూసీల తేలుతుంటి సార్.” పోయిన ఏడాది ఒక పొద్దున నిద్రలోనే గుండె ఆగింది. బరువు వల్లే అన్నారు. యాదగిరి చెప్పిందీ తప్పు కాదు, డాక్టరు చెప్పిందీ తప్పు కాదు.

సనత్‌నగర్‌లో వాళ్లింటి ముందు దినాలు చేశారు. టెంటు వేసి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వరుసగా వేశారు. నేను ఒకదాని మీద కూర్చోలేక నిలబడ్డాను. మా చర్చిలో అంటారు, ఒప్పుకోవలసింది బతికున్నవాళ్లతోనే ఒప్పుకోవాలని. అతని భార్య లక్ష్మి విస్తరి తెచ్చి ఇచ్చినప్పుడు చెప్పేశాను.

“అమ్మా, నీకొక మాట చెప్పాలి. ఆ రోజు ఆ కుర్చీ...”

“నువ్వే తీసినవ్ గద అన్నా,” అంది.

నేను విస్తరిని రెండో చేత్తో కూడా పట్టుకున్నాను.

“బండి ఎనకకెల్లి వస్తుంటె చూసిండట, నువ్వు పట్టుకపోతున్నవట. పార్కింగ్ కుర్చీ అనుకున్నడట ఆయన సుత. ఇద్దరం గాడిదలమే అని నవ్వేటోడు.”

“మరి నాతో ఎప్పుడూ అనలేదేంటి?”

“అంటే నువ్వు నౌకరీ ఇడిచిపెడ్తవని భయం. కొత్త డ్రైవర్ వస్తే మళ్ల మొదటికెల్లి నేర్పాలె గద.” విస్తరిలో ఇంకొంచెం కూర వేసింది. “నిలబడి తింటవా అన్నా? కూసో.”

కూర్చున్నాను.

నాకు మిగిలిన బాధ ఇప్పుడు వేరు. అతను నన్ను ఎప్పుడో క్షమించేశాడు. కానీ ఆ తర్వాత షోరూంలో ఉన్న తొమ్మిదేళ్లూ ఏ డ్రైవరుకూ నేను నిజం చెప్పలేదు. వానలో కుర్చీ కనిపిస్తే ముట్టొద్దన్న ఒక్క మాట వాళ్లకు అందలేదు. వాళ్లు విన్నది బర్రె కథ. బర్రెల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండి ఉంటారు.

రెండు కుర్చీలు

ఇప్పుడు నేను ఎర్రమంజిల్ దగ్గర ఒక పల్లపు గల్లీలో ఉంటున్నాను. వాన ఎక్కువైతే మా వాళ్లూ మూత తీస్తారు. వద్దని చెప్పి చూశాను. నీళ్లు ఇళ్లలోకి వస్తాయంటారు, అదీ నిజమే. అందుకని నేను రెండు కుర్చీలు దింపుతాను. ఒకటి గుంత దగ్గర, ఇటుకతో. రెండోది మా మెట్టు మీద, గొడుగు పట్టుకుని నేను కూర్చోవడానికి. మా గల్లీవాళ్లు మొదట నవ్వారు. ఇప్పుడు చాయ్ పంపుతున్నారు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఒకామె స్కూటర్ మీద పార్సిల్ తెచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. కుర్చీ ముందు ఆగింది.

“అంకుల్, జర కుర్చీ జరుపుర్రి.”

“జరపను.”

“ఆఖరి ఇంటికి పోవాలె అంకుల్.”

“దాని కింద గుంత ఉందమ్మా. ఇవ్వలేనని రాసి వెళ్లిపో.”

ఆమె ఫోన్ నా వైపు తిప్పింది. రోడ్డు బాగాలేదు అనే బటన్ ఉంది. నొక్కితే, మీరు చిరునామాకు దూరంగా ఉన్నారు, దగ్గరికి వెళ్లి నొక్కండి అని వస్తోంది. మూర్తి గారు కాగితం మీద పెట్టిన రూలు ఫోన్‌లోకి కూడా వచ్చిందన్నమాట.

“కస్టమర్‌ను వచ్చి తీసుకొమ్మను.”

“అడిగిన. వానల ఎట్ల రావాలె అంటుండు.”

“పార్సిల్‌లో ఏముంది?”

ఆమె చీటీ చూసింది. “రెయిన్‌కోట్.”

ఆమె ముందు నవ్వింది. తర్వాత మళ్లీ గుంత వైపు, గల్లీ చివర వైపు కొలిచి చూడటం మొదలుపెట్టింది. గోడ పక్కనుంచి పోవచ్చేమో అన్న చూపు. ఆ చూపు నాకు తెలుసు. ఆమె బటన్ నొక్కలేదు, వెనక్కి తిరగలేదు. చేతులు స్కూటర్ మీదే ఉన్నాయి.

“అమ్మా,” అన్నాను, “పదమూడేళ్ల కింద ఇట్లాంటి కుర్చీనే నేను జరిపాను. మా లోడర్ అందులో పడ్డాడు. నా దోస్తు.”

“సచ్చిపోయిండా?”

“అప్పుడు పోలేదు.”

మొదటిసారి పూర్తిగా, బర్రె లేకుండా, ఆ కథ చెప్పాను. చెబుతూ ఉండగా ఆమె స్కూటర్‌ను మా అరుగు ఎక్కించింది. నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తి, “నీళ్లు పోయినంక వస్త సార్,” అని పెట్టేసింది.

అంతలో గల్లీ మొదట్లో కూరగాయల ఆటో ఒకటి వచ్చి ఆగింది. హారన్ కొట్టి, డ్రైవర్ దిగి, ప్యాంటు మడిచి, తిన్నగా కుర్చీ వైపు నడిచాడు. నేను గొడుగు దించి గొంతు సవరించుకునే లోపలే ఆమె లేచి నిలబడి అరిచింది.

“ఓ భయ్యా! గా కుర్చీ ముట్టకు! ఎవలో జరిపితే ఒగాయన పడ్డడు!”

డ్రైవర్ ఆగిపోయాడు. కుర్చీని, ఇటుకను చూశాడు. తర్వాత మా వైపు చూశాడు.

“ఎవరు జరిపిన్రు?”

ఆమె నా వైపు చూసింది.

“నేను,” అన్నాను.